పరిగె

ఇక్కడోళ్ళు పరిషె అంటారు.
మేము పరస అంటాం.
పేరేదైనా నా చేతికి వచ్చేది
దాని తొక్కే.

కార్తీకం ఆఖరి సోమారం గడిచి
మంగళారం ఇంకా తెల్లారకముందే
మేస్త్రీ ముందర హాజరుకి నిలబడతాం.
మిషను మీద బొటనేలు పెడితే
"మళ్ళీ పెట్టు" అంటుంది.
పదకొండేండ్లు పొరక అరగదీసిన వేలు,
గీతలు యాడినించి తెచ్చేది?
కొంగుకి తుడిచి, ఊది, మూడోసారికి
నేను నేనేనని ఒప్పుకుంటుంది.

బుల్ టెంపుల్ రోడ్డు పొడుగునా
చీలమండ దాకా చెనిక్కాయ తొక్కలు.
అడుగేస్తే కరకర.
బసవనగుడి అంతా ఒకటే నోరు పెట్టుకొని
రాత్రంతా నమిలినట్టు.

లక్షల మంది వచ్చి పోయినారంట, టీవీలో చెప్పినారు.
ఎవరెవరు వచ్చినారో నన్నడగండి.
పిల్లోడు ఏడ్చిన కాడ చీలిన బుడగ,
ఆకుపచ్చ గాజుముక్కలు నాలుగు,
రంకులరాట్నం కింద ఒంటి చెప్పు
(ఎక్కేటప్పుడు జారిందో, దిగేటప్పుడు తూలిందో),
ఫోన్లో బొమ్మ దిగడానికి కొని
ఒక్క కాయా ఒలవకుండా
గోడ మీద పెట్టిపోయిన పొట్లం.
ఆ పొట్లం మాత్రం
నేను బండిలో వెయ్యలేదు.

బసవన్న ఒకప్పుడు రాత్రిళ్ళు చేలల్లో పడి
చెనిక్కాయ మేసేవాడంట.
తొలిపంట నీకే తెస్తామని
రైతులు మొక్కుకున్నారంట.
దొంగమేత మేసినోడికి గుడి.
మాయమ్మ ఒకసారి రెండు గుప్పిళ్ళు కొంగున కట్టుకుందని
చేనుగలాయన గట్టు మీద నిలబెట్టి
కొంగు విప్పించినాడు.
ఆమె కూడా నల్లగానే ఉంటాది, బసవన్న మాదిరి.
కొమ్ములే లేవు.

కాయ పీకడం అయిపోయినాక
చేన్లో పరిగె ఏరుకోవచ్చు,
దానికి ఎవరూ అడ్డం చెప్పరు.
తొలికతో గెలికితే మన్నులో
చీమలు తిన్నవీ, మొలకొచ్చినవీ, ఒకటీ అరా మంచివీ.
పొద్దుగూకేసరికి అర పడి.
అమ్మ ఆ ఒంగిన నడుం అట్నే పెట్టుకొని
ఈ ఊరు వచ్చేసింది.
తొలిక పోయి పొరక వచ్చింది.
నడుం మార్చుకొనే పని పడలేదు.

ఆశ్రమం సర్కిల్ కాడ ఒకాయన ఇంకా లేవలేదు.
గోనెసంచులు కప్పుకొని,
తక్కెడ తలకింద పెట్టుకొని.
"అన్నా, లెయ్, ఊడవాల."
కన్నడంలో అనాల్సింది, తెలుగులో వచ్చేసింది.
కండ్లు నులుముకొని "యా ఊరుమ్మా మీది?" అన్నాడు.
పుంగనూరు దాటి, గుట్ట చుట్టుకొని పోతే
బస్సు తిరుక్కొనే కాడ.
ఆయనది ఆ గుట్టకి అవతల.
పేరు చెంగల్రాయుడు.
మూడు మూటలు తెస్తే, నిన్న చినుకు పడి
ఒకటి అట్నే ఉండిపోయింది.
లారీ బాడుగ కూడా గిట్టలేదంట.

"మీ నాయన పేరేంది?"
చెప్పినాను.
ఊరికి ఏ పక్కన ఇల్లో తెలిసిపోయినట్టుంది,
అటు చూసి కాసేపు ఊరకున్నాడు.
ఆ ఊరకుండడం నాకు తెలుసు.
గుట్టకి రెండు పక్కలా అదొక్కటే భాష.

అయినా లేచినాడు. మూట విప్పినాడు.
సేరు నిండా కొలిచి
పైన గోపురం నిలిచేదాకా పోసి
"కొంగు పట్టమ్మా" అన్నాడు.

నేను పట్టలేదు.
"సేరు ఎంత?" అన్నాను.
"ఊరికేనమ్మా, మనూరి దానివి."
"ఊరికే అయితే వద్దన్నా."
యాభై రూపాయల నోటు చేతిలో పెట్టినాను.
తీసుకొని, దాన్ని కండ్లకద్దుకున్నాడు.
ఈ ఏడు తొలిబేరం నాదేమో అన్నట్టు.
అప్పుడు పట్టినాను కొంగు.

ఆయన పండుకున్నంత మేర
మనిషి పొడుగు రోడ్డు
తొక్కల్లేకుండా పొడిగా ఉంది.
దాన్ని ఊడిచే పనే లేదు.

అవతల మేస్త్రీ ఈల వేస్తున్నాడు.
ఫుట్‌పాత్ అంచున కూచున్నాను.
మూడు గింజల కాయ ఒకటి దొరికింది.
చిట్లగొట్టి, గింజలు నోట్లో వేసుకొని,
నేనే ఇప్పుడే ఊడ్చిన నున్నటి రోడ్డు మీద
తొక్క పడేసినాను.

ఉండనీ కాసేపు.
నేనూ పరసకి వచ్చినాను.